పురుటి పద్దులో లేని వరసలు

మొన్న వేసవిలో నా పాత విద్యార్థిని ఒకమ్మాయి చేతిలో రెండు కాగితాలతో ఇంటికొచ్చింది. అప్పటికి ఆమెకి ఏడో నెల. హైదరాబాదులో ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్‌గా తెలుగు చెబుతోంది. ఎన్ని గంటలు పాఠం చెబితే అన్ని గంటలకే జీతం. పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసంలో మూడు అధ్యాయాలయ్యాయి, రెండు మిగిలాయి. "మేడమ్, ఇందులో ఏదన్నా మర్చిపోయానేమో చూడండి" అని కాగితాలు నా ముందు పెట్టింది. నాలుగో అధ్యాయం రాసుకొచ్చిందనుకుని కళ్ళజోడు వెతుక్కున్నాను. తీరా చూస్తే అది పుట్టబోయే బిడ్డకి మొదటి ఏడాది బడ్జెట్టు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని కంప్యూటర్లో గడులు గీసి వేసిన లెక్క.

నాకు లెక్కలు రావు. ముప్పై ఏళ్ళు చేసిన పనల్లా పాఠాలు చదవడం, చదివించడం. ఒక రచనలో ఏముందో చూడటంతో పాటు ఏది లేదో, ఎందుకు లేదో చూడాలని క్లాసులో చెప్పేదాన్ని. అందుకని ఆ రెండు కాగితాలనీ కూడా ఒక రచనలాగే చదివాను. అలా చదివిన దాని గురించే ఈ వ్యాసం.

ముందు అందులో ఏముందో చెబుతాను. ఆస్పత్రి, కాన్పు 1,20,000. టీకాలు 30,000. డైపర్లు నెలకి రెండువేల లెక్కన 24,000. బట్టలు, ఉయ్యాల, తోపుడుబండి 35,000. పిల్లల డాక్టరు 12,000. ఆయాకి నెలకి 12,000 చొప్పున ఆరు నెలలకి 72,000. బారసాల, అన్నప్రాశన 60,000. మొదటి పుట్టినరోజు 1,00,000. అనుకోని ఖర్చులు 50,000. అన్నీ కలిపి 5,03,000. 'పాలు' అని కూడా ఒక వరస ఉంది. దాని పక్కన సున్నా, ఆ పక్కన చిన్నక్షరాలతో 'తల్లిపాలు' అని రాసి ఉంది.

ఇలాంటి పట్టికలు మనకి కొత్తకాదు. పిల్లల పెంపకం పుస్తకాల్లో, ఆదివారం అనుబంధాల్లో, ఆస్పత్రివాళ్ళు చేతిలో పెట్టే రంగుల పుస్తకాల్లో ఇవే వరసలు, ఇదే క్రమం. ఈ పట్టిక ఒక ప్రక్రియ. దానికీ ఒక కథకుడున్నాడు. అతని చేతిలో జీతం ఉంది, ఎదురుగా బజారుంది, బజారులో కొనాల్సిన వస్తువులున్నాయి. బిడ్డ ఒక ఖర్చు. మరి తల్లి? ఆమె ఖర్చూ కాదు, ఆదాయమూ కాదు. గోడలాగా, గాలిలాగా ఆమె అక్కడ ఉంటుందని ముందే అనేసుకున్నారు.

"నువ్వు ఎన్నాళ్ళు కాలేజీకి వెళ్ళవు?" అని అడిగాను. కాన్పుకి ముందొక నెల, తరవాత ఆరు నెలలు అంది. "ఆ ఏడు నెలలూ జీతమిస్తారా?" "గెస్టు వాళ్ళకి ఉండదు కదా మేడమ్." "మరది ఇందులో ఏదీ?" కాగితం వైపు చూసింది. "అది ఖర్చు కాదు కదా, రాదంతే" అంది. నెలకి 24,000 లెక్కన ఏడు నెలలకి 1,68,000. ఆ పట్టికలో ఆస్పత్రి కన్నా పెద్ద మొత్తం అదే. ఇద్దరు చదువుకున్నవాళ్ళు నాలుగు సాయంత్రాలు కూర్చుని వేసిన లెక్కలో డైపర్ల ఖర్చుకి ఒక గడి దొరికింది. ఆమె పోగొట్టుకునే జీతానికి గడి లేదు.

ఆమెని తప్పుపట్టడానికి ఇది రాయడంలేదు. ఆ రాత్రే నేను మా నాన్న చిట్టా తీశాను.

నా మొదటి కాన్పు 1991లో. మన ఆనవాయితీ ప్రకారం పుట్టింట్లోనే పురుడు. గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో నాన్న ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. పైసా ఖర్చయినా రాత్రి పడుకోబోయేముందు చిట్టాకెక్కించే మనిషి. నాన్న పోయాక ఆ చిట్టాలు నేను తెచ్చుకున్నాను. ఆ ఏడాది పుస్తకంలో 'అమ్మాయి పురుడు' అని ఎర్ర సిరాతో ఒక శీర్షిక, కింద పదకొండు పేజీలు. నర్సింగ్ హోముకి 1,850. కాయం సరుకులు 85. వియ్యాలవారికి బట్టలు 1,460. బారసాల భోజనాలు 2,100. వెండి మొలతాడు, గిన్నె 640. చాకలికి పురుటి బట్టలు ఉతికినందుకు రెండు కుంచాల వడ్లు, ఒక పాత చీర. ఐదో నెలలో నన్నూ పిల్లనీ దిగబెట్టడానికి చలిమిడి, సారె 1,900.

పదకొండు పేజీల్లో ఎక్కడా నా పేరు లేదు. 'అమ్మాయి' అనే ఉంది. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇంటిని అద్దంలా ఉంచుతూ ఉంచుతూ తన పేరే మర్చిపోతుంది. ఆ కథని నేను ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను, మా ఇంటి చిట్టాలో కూడా అదే జరిగిందని మాత్రం చూసుకోలేదు. అయినా 'అమ్మాయి' అన్న మాటన్నా ఉంది. మా అమ్మ ప్రస్తావన ఒక్క ముక్క లేదు. ఐదు నెలలపాటు తెల్లవారుజామునే లేచి నీళ్ళు కాచినది, నాకు పథ్యం వండినది, పిల్లని కాళ్ళమీద వేసుకుని నలుగుపెట్టి స్నానం చేయించినది, రాత్రుళ్ళు పిల్ల ఏడిస్తే నన్ను పడుకోమని తను భుజానేసుకుని వరండాలో తిరిగినది అమ్మ. ఆ పద్దులో ఆమె లేదు.

'తల్లి చేసే పనికి లెక్కేమిటి? ప్రేమకి వెల కడతావా?' అని కొందరు అడుగుతారు. మనలోనూ అడుగుతారు. ఈ ప్రశ్నకి చాలాకాలం నా దగ్గర జవాబులేదు. ఆ జవాబు చిట్టాలోనే దొరికింది. నాన్న ఆ వెండి గిన్నె మనవరాలి మీద ప్రేమతోనే కొన్నాడు. అయినా 640 అని రాశాడు. ప్రేమతో చేసినదాన్ని పద్దు రాయకూడదనే నియమమేదీ ఆ పుస్తకంలో లేదు. చాకలామెకి ఇచ్చినవి రూపాయలు కావు, వడ్లు. అవీ రాశాడు. అంటే డబ్బుగా మారని దాన్ని రాయకూడదనే నియమమూ లేదు. ఉన్న నియమం ఒక్కటే: ఇంటి యజమాని చేతిమీదుగా బయటికి వెళ్ళినదే ఖర్చు. ఆడవాళ్ళ ఒంట్లోంచి, నిద్రలోంచి వెళ్ళినది ఖర్చు కాదు. నాన్న చెడ్డవాడు కాదు. చాలా నిజాయితీగా లెక్క రాశాడు. పితృస్వామ్యం నిజాయితీగల మనిషి చేత కూడా ఇలాంటి లెక్కే రాయిస్తుంది. ముప్పై ఏళ్ళ తరవాత ఇద్దరు చదువుకున్న పిల్లలు కంప్యూటర్లో గీసిన గడుల్లోనూ ఆ నియమమే పనిచేసింది.

ఇక ఆ 'పాలు – సున్నా' సంగతి. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకి తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా పట్టనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందులో నాకు పేచీ లేదు. పాలడబ్బాల కంపెనీలు ప్రకటనలతో తల్లుల్ని భ్రమపెట్టకుండా మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది. అదీ మంచిదే. కాని తల్లిపాలు 'ఖర్చులేనివి' అని గోడలమీద రాసినప్పుడు, ఎవరికి ఖర్చులేనివి అని అడగాలి. పసిబిడ్డ రోజుకి ఎనిమిదిసార్లు తాగుతుందనుకుందాం, తల్లులకి తెలుసు, ఇది తక్కువ లెక్కే. ఒక్కోసారికి అరగంట. రోజుకి నాలుగు గంటలు. ఆరు నెలలకి, అంటే 180 రోజులకి, 720 గంటలు. ఎనిమిది గంటల పనిదినాల్లో చెప్పాలంటే 90 రోజులు. నా విద్యార్థినికి మిగిలిన రెండు అధ్యాయాలకీ అంత సమయం చాలు.

మారిలిన్ వేరింగ్ 1988లో వచ్చిన 'ఇఫ్ విమెన్ కౌంటెడ్' పుస్తకంలో దేశాల ఆదాయపు లెక్కలు ఎలా తయారవుతాయో విప్పి చూపించింది. డబ్బా పాలపొడి తయారై అమ్ముడుపోతే జాతీయాదాయం పెరుగుతుంది. తల్లిపాలకి అందులో చోటు లేదు. మన ఇంటి పద్దులు దేశం పద్దులకి చిన్నచెల్లెళ్ళు. రెండూ ఒకే బడిలో చదువుకున్నాయి.

కాలం లెక్క మన దేశంలోనూ మొదలైంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా కాలవినియోగ సర్వే చేసింది. జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకునేవాళ్ళలో ఆడవాళ్ళది 134 నిమిషాలు, మగవాళ్ళది 76. 2024లో మళ్ళీ చేస్తే ఆడవాళ్ళ ఇంటిపని 289 నిమిషాలకి దిగింది. ఐదేళ్ళకి పది నిమిషాలు. కాని ఇవన్నీ సగటు లెక్కలు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో మొదటి ఏడాది సగటు సంవత్సరం కాదు. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చున్న నిమిషానికీ మధ్యాహ్నం మూడింటి నిమిషానికీ తేడా ఉంటుందని ఏ సర్వే చెప్పగలదు?

స్త్రీవాద సాహిత్యంలో చదువుకున్నదాన్ని కనక ఇక్కడ మన పద్దు కూడా చూసుకోవాలి. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవితతో ప్రసవం బల్ల తెలుగు కవిత్వంలోకొచ్చింది. విమల 'వంటిల్లు' రాసింది. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం చేతిలో పట్టుకుని మా తరం తన శరీరం గురించి తను మాట్లాడుకోవడం నేర్చుకుంది. ఆ అప్పు తీరేది కాదు. కాని నేను పాఠాలు చెప్పిన కాలంలో లేబర్ రూం దగ్గర ఆగిపోయాను. డిశ్చార్జి కాగితం చేతికిచ్చిన రోజు నుంచి బిడ్డ మొదటి పుట్టినరోజు దాకా ఎవరు ఏం పెట్టారు, ఎవరికి ఎంత పోయింది అనే ప్రశ్న నేను క్లాసులో ఎప్పుడూ అడగలేదు. అది సాహిత్యం కాదనుకున్నాను.

వర్జీనియా వూల్ఫ్ అలా అనుకోలేదు. 1929లో వచ్చిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో ఏడాదికి 500 పౌన్లు, తాళంవేసుకునే గది అన్న మాట మనందరికీ కంఠస్థం. అదే పుస్తకం మొదటి అధ్యాయంలో ఆమె ఇంకో లెక్క వేసింది. ఆడవాళ్ళ కాలేజీకి డబ్బెందుకు లేదు, మన తల్లులు మనకి ఆస్తులెందుకు పోగుచెయ్యలేదు అని అడిగి, పదముగ్గురు పిల్లల్ని కన్న ఒక తల్లిని ముందుంచుతుంది. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలు, పాలిచ్చిన మూడు నాలుగు నెలలు, ఆడించిన ఐదేళ్ళు వరసగా పేర్చుకుంటూ వెళ్ళి, ఆ మనిషి ధనం సంపాదించి ఉంటే ఈ పిల్లలే ఉండేవాళ్ళు కారు కదా అంటుంది. అంటే మనం తలకెత్తుకున్న ఆ 500 పౌన్ల వెనక పసిబిడ్డ మొదటి ఏడాది పద్దు ఉంది. గది గురించి ఎన్ని వ్యాసాలు రాసుకున్నామో! ఆ పద్దు గురించి నేను ఒక్కటి కూడా రాయలేదు.

మన చట్టాలు ఈ పద్దుని ఎలా రాశాయో చూడటం కూడా విమర్శలో భాగమే. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉన్న 12 వారాల సెలవుని 2017 సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకీ 26 వారాలు చేసింది. యాభైమంది పైన పనిచేసేచోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలంది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవే ఉన్నాయి. బాగుంది. కాని ఆ 26 వారాల జీతం యజమానే భరించాలి కనక, పెళ్ళికాని పిల్లల్నీ కొత్తగా పెళ్ళైన పిల్లల్నీ ఉద్యోగంలోకి తీసుకోవడానికి వెనకాడేవాళ్ళు ఎక్కువవుతారన్న భయం మొదటినుంచీ ఉంది. గంటల లెక్కన పనిచేసే అమ్మాయికి కాగితం మీద హక్కున్నా అడిగే ధైర్యం ఉండదు. అడిగితే వచ్చే ఏడాది పిలుపు రాదు. 2000 మార్చి 8న, సరిగ్గా మహిళా దినం నాడు, ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరు రోలు మీద పనిచేసే రోజుకూలీ స్త్రీలకి కూడా ప్రసూతి సెలవు హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. 2023 ఆగస్టులో, కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు ఆపకూడదని ఇంకో తీర్పు. నా విద్యార్థినికి ఈ రెండూ తెలియవు. ఆమె పనిచేసే చోట ఎవరూ చెప్పలేదు.

అసంఘటిత రంగంలో స్త్రీలకి 2013 ఆహార భద్రతా చట్టం ఆరువేల రూపాయలకి తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో మొదలైన మాతృవందన యోజన మొదటి బిడ్డకి 5,000 ఇస్తోంది. ఆరు నెలల రోజుల మీద పంచితే రోజుకి 28 రూపాయలు కూడా పడదు. రెండో బిడ్డకైతే ఆ బిడ్డ ఆడపిల్లయితేనే 6,000. తెలంగాణలో 2017 జూన్‌లో ప్రారంభించిన కేసీఆర్ కిట్ పథకంలో ప్రభుత్వాస్పత్రిలో కాన్పైతే మగపిల్లాడికి 12,000, ఆడపిల్లకి 13,000 అని ప్రకటించారు. కూలిపనుల స్త్రీల చేతికి అది చిన్న మొత్తం కాదు. ఆ మేరకు అది గౌరవించాల్సిన పద్దే. అయినా ఆడపిల్ల పేరు మీద రాసిన ఆ అదనపు వెయ్యిలో మన సమాజం మొత్తం కనిపిస్తుంది. ఆడపిల్లని ఉంచుకున్నందుకు ఇచ్చిన బుజ్జగింపు అది.

ఇంటిపనికి న్యాయస్థానం వెలకట్టే సందర్భం ఒకటుంది. ఇల్లాలు రోడ్డు ప్రమాదంలో చనిపోయినప్పుడు. 2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు, జనాభా లెక్కల్లో ఇల్లాళ్ళని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పనిచెయ్యనివాళ్ళ జాబితాలో వెయ్యడాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2021లో కీర్తి కేసులో మళ్ళీ అదే చెప్పింది. మంచి తీర్పులు. కాని ఆ లెక్క ఆమె లేనప్పుడు, ఆమె భర్తకో పిల్లలకో ఇవ్వడానికి వేసినది. బతికున్న బాలింతకి అదే లెక్క వెయ్యమంటే ప్రేమకి వెల కడతావా అంటారు.

ఇక ఆయా. ఆ పట్టికలో ఇంకొకరి శ్రమకి అంకె పడిన వరస అదొక్కటే. నెలకి 12,000. అంటే పిల్లని చూసుకోవడం పనేనని, దానికి ధర ఉందని ఆ పట్టికకీ తెలుసు. తల్లో అమ్మమ్మో చేసినప్పుడే అది సున్నా అవుతుంది. కాని ఈ మాట అనేసి చేతులు దులుపుకుంటే మన స్త్రీవాదం అగ్రకుల, మధ్యతరగతి గుమ్మం దాటదు. 1992లో నేను కాలేజీలో చేరినప్పుడు నా పిల్లని చూసుకోడానికి ఒకామెని పెట్టుకున్నాను. నెలకి 150 రూపాయలు. ఆమెకీ ఏడాదిన్నర కొడుకున్నాడు. వాణ్ణి పక్కింటి ముసలమ్మ దగ్గర వదిలి వచ్చేది. ఆ ముసలమ్మకి ఆమె రోజూ కాసిని మజ్జిగ, రెండు రూపాయలు ఇచ్చేదని చాలా రోజులకి తెలిసింది. నెలకి అరవై రూపాయలు. నేనిచ్చిన 150లో ఆమెకి మిగిలింది 90. నా పిల్ల మొదటి ఏడాది పద్దులో ఆమె కొడుకు మొదటి ఏడాదిన్నర కలిసిపోయింది. ఆ రోజుల్లో నేను స్త్రీవాదం మీద ఉపన్యాసాలిస్తున్నాను. నేను వెళ్ళగలిగింది ఆమె వచ్చినందువల్లే. నాన్న చిట్టాలో అమ్మ లేనట్టే, నా ఉపన్యాసాల్లో ఆమె లేదు. పురుటి బట్టలుతికిన చాకలామెకి రెండు కుంచాల వడ్లు ఎవరు నిర్ణయించారని కూడా నేను ఇన్నేళ్ళలో అడగలేదు. కులం నిర్ణయించిన ధర అది.

ఈ వ్యాసం సగం రాశాక ఊరెళ్ళాను. అమ్మకిప్పుడు ఎనభై నాలుగు. చిట్టా చదివి వినిపించాను. వియ్యాలవారి బట్టల దగ్గర నవ్వింది. "నీ ఖర్చు ఇందులో లేదేమ్మా?" అంటే, "నేనేం ఖర్చు పెట్టానే? అన్నీ మీ నాన్నే కదా పెట్టింది" అంది. కాసేపయ్యాక తనే అంది: "ఆ ఏడు కేంద్రానికి పాలు పొయ్యడం మానేశాలే. నీకు, పిల్లకి అని. చీటీ కట్టలేక మధ్యలో వదిలేశా."

నాకు తెలియదు. మా ఇంట్లో అప్పుడొక గేదె ఉండేది. పూటకి లీటరో లీటరున్నరో అమ్మ పాలకేంద్రానికి పోసేది. పదిహేను రోజులకోసారి వచ్చే ఆ డబ్బు అమ్మదే, ఆ ఇంట్లో ఆమెకి సొంతమైన ఆదాయం అదొక్కటే. దానితో చీటీ కట్టుకునేది. చీటీ పాడుకుని చెవులకి దుద్దులు చేయించుకోవాలనుకుందట. నేను రోజూ రాత్రి తాగిన గ్లాసుడు పాలు, పెరుగన్నం ఆ చీటీ డబ్బులే. పాలు ఇంట్లోవే కనక నాన్న చిట్టాలో పాల ఖర్చు లేదు. 'పాలు – సున్నా.' నా విద్యార్థిని పట్టికలో ఏ వరసలో సున్నా ఉందో అదే వరస.

అమ్మ ఫిర్యాదుగా చెప్పలేదు. అడగకపోతే చెప్పేదే కాదు. అందుకే ఈ లెక్కలు వెయ్యడం బిల్లు పంపడం కోసం కాదంటాను. అమ్మకి నేనిప్పుడు దుద్దులు చేయించినా ఆ చీటీ తీరదు. ఎవరు పెట్టారో తెలియనప్పుడు ఎవరికి రుణపడ్డామో తెలియదు. పెట్టినవాళ్ళకి కూడా తాము పెట్టామని తెలియదు. ఆ తెలియకపోవడం మీదే ఈ వ్యవస్థ నడుస్తోంది.

నా విద్యార్థినికి సలహాలు చెప్పలేదు. పట్టికకి ఇంకో రెండు నిలువు గడులు కలపమన్నాను. ఒకదానిలో గంటలు, రెండోదానిలో ఎవరు. పోయే జీతం 1,68,000 అని ఒక వరస చేరింది. ఊరినుంచి వచ్చి ఐదు నెలలుండే వాళ్ళమ్మ పేరు చేరింది. ఆయాకిచ్చే లెక్కనే వేసినా 60,000. మొత్తం 7,31,000 అయింది. పాలివ్వడానికి రూపాయలు వద్దన్నాను. జీతం పోయిందని ఒకసారి రాశాక ఆ కాలానికే మళ్ళీ ధర కడితే ఒకే లెక్క రెండుసార్లు వేసినట్టవుతుంది. 720 గంటలు అని మాత్రం రాసింది. టీకాల వరస దగ్గర, అవసరమైన టీకాలు ప్రభుత్వాస్పత్రిలో ఉచితమే కదా అని మాట్లాడుకున్నాం. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. ఉచితమే, కాని ఒక్కోసారి పూట పోతుంది. ఆ పూటలు ఎవరివి? 'ఎవరు' అన్న గడిలో భర్త పేరు రాసింది.

పట్టిక చూసి ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదట. తరవాత మొదటి పుట్టినరోజుకి రాసిన లక్ష కొట్టేసి పదివేలు చేశాడట. మిగిలిన తొంభైవేలు ఎక్కడికి వెళ్ళాలన్నదాని మీద ఇద్దరికీ ఇంకా తగువు నడుస్తోంది. ఆమె దాన్ని ఆయాని మరికొన్ని నెలలు ఉంచుకుని సిద్ధాంత వ్యాసం పూర్తిచేసుకోవడానికి అడుగుతోంది. పిహెచ్.డి. చేసే స్త్రీలకి యు.జి.సి. 240 రోజుల ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు ఇస్తుంది. గడువు పెరుగుతుంది, రాసుకోడానికి గంటలు పెరగవు. కాలేజీకి ఆ రెండు తీర్పులూ ఉటంకిస్తూ సెలవు జీతం కోసం అర్జీ పెట్టింది. ఇది రాసేనాటికి జవాబు రాలేదు. వచ్చే ఏడాది గెస్టుల జాబితాలో ఆమె పేరుంటుందో లేదో చెప్పలేను. ఆ భయం కూడా ఆ పద్దులో ఒక వరసే.

మనలో చాలామంది ఇళ్ళల్లో పాత చిట్టాలు, చీటీ పుస్తకాలు, పాలకార్డులు అటకమీద ఉంటాయి. కథలు, కవితలు చదివినంత శ్రద్ధగా వాటినీ చదవాల్సిన పని మనకుంది. మీ అమ్మలు బతికుండగానే పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఏడు ఏం మానేశావమ్మా అని అడగండి. ఏం ఖర్చు పెట్టావని అడిగితే వాళ్ళు చెప్పరు. ఏం మానేశావని అడిగితే చెబుతారు.